ముందు ఎక్స్‌పోర్ట్, తర్వాతే గేమ్: గోడో ఇంజిన్‌ను వాడి చూడటం ఎలా?

ఒకసారి తయారు చేస్తే విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్, బ్రౌజర్ అన్నిట్లోనూ నడుస్తుందని ప్రతి గేమ్ ఇంజిన్ వాళ్లూ చెప్తారు. చాలావరకు నిజమే. కాకపోతే కొత్తవాళ్లు ఆ మాటను పరీక్షించేది ఆర్నెల్ల తర్వాత, గేమ్ సగం పూర్తయ్యాక. అప్పుడు ఫోన్‌లో వేసి చూస్తే తెలుగు అక్షరాల చోట డబ్బాలు కనిపిస్తాయి, కీబోర్డు లేదు కాబట్టి బొమ్మ కదలదు, బ్రౌజర్‌లో అయితే అసలు తెరుచుకోదు. అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే గోడల రంగు సంగతి తర్వాత, ముందు కుళాయి తిప్పి చూస్తాం కదా. ఇక్కడ కుళాయి అంటే ఎక్స్‌పోర్ట్, అంటే చేసిన గేమ్‌ను విండోస్‌కో ఫోన్‌కో బ్రౌజర్‌కో తగ్గ ఫైల్‌గా మార్చడం.

అందుకే కింద చెప్పే పద్ధతిలో గేమ్ అంటూ ఏమీ ఉండదు. ఒక నేల, దాని మీద గెంతే ఒక బొమ్మ, నాలుగు తెలుగు మాటలు. వాటిని పీసీ నుంచి బ్రౌజర్‌కి, అక్కడి నుంచి ఫోన్‌కి తీసుకెళ్తాం. ఒక శని, ఆదివారం చాలు.

గోడోనే ఎందుకు? ఇది అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఆరియెల్ మంజూర్ మొదలుపెట్టిన ఇంజిన్. 2014లో సోర్స్ కోడ్ అంతా ఎంఐటీ లైసెన్స్ కింద బయటపెట్టారు. మీ గేమ్ ఎంత అమ్ముడైనా ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు. గేమ్‌తో పాటు ఎక్కడో ఒకచోట, మామూలుగా క్రెడిట్స్‌లో, ఆ లైసెన్స్ పాఠం ఉంచితే సరిపోతుంది. 2023 సెప్టెంబరులో మరో పెద్ద గేమ్ ఇంజిన్ యూనిటీ సంస్థ ఇన్‌స్టాల్‌కి ఇంత అని ఫీజు ప్రకటించినప్పుడు చాలామంది ఇటు చూశారు. ఏడాది తర్వాత ఆ ఫీజును వాళ్లే ఉపసంహరించుకున్నారు, అది వేరే సంగతి. మీకు జావా బాగా వస్తే లిబ్‌జీడీఎక్స్, లువా వస్తే డిఫోల్డ్ లేదా లవ్ టూడీ ఉన్నాయి. ఏది తీసుకున్నా పరీక్షించే వరస ఇదే.

డౌన్‌లోడ్‌లోనే ఒక నిర్ణయం

గోడోఇంజిన్ డాట్ ఆర్గ్ సైట్‌కి వెళ్లండి. ఇంగ్లిష్‌లో వెతికేటప్పుడు పేరు చివర టీ అక్షరం కూడా వేయాలి. డౌన్‌లోడ్ పేజీలో రెండు రకాలు కనిపిస్తాయి: స్టాండర్డ్, డాట్‌నెట్ (సీ షార్ప్ భాషలో కోడ్ రాసేవాళ్ల కోసం). సీ షార్ప్ వచ్చినవాళ్ల చెయ్యి సహజంగానే డాట్‌నెట్ మీదికి పోతుంది. పోనివ్వకండి. గోడో 4లో సీ షార్ప్‌తో రాసిన గేమ్‌ను వెబ్‌కి ఎక్స్‌పోర్ట్ చేయడం కుదరదు. మనం పరీక్షించేదే అన్ని చోట్లా నడుస్తుందా అని. కాబట్టి స్టాండర్డ్ తీసుకుని, గోడో సొంత భాష జీడీస్క్రిప్ట్ వాడండి. పైథాన్ చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

వెర్షన్ 4.3 గానీ ఆ తర్వాతది గానీ ఉండాలి. కారణం వెబ్ దగ్గర చెప్తాను. ఇన్‌స్టాల్ చేయడం అంటూ ఏమీ లేదు, జిప్ విప్పి లోపలి ఫైల్‌ను డబుల్ క్లిక్ చేస్తే ఎడిటర్ తెరుచుకుంటుంది. ల్యాప్‌టాప్ లేనివాళ్ల కోసం ప్లే స్టోర్‌లో గోడో ఎడిటర్ యాప్ కూడా ఉంది. ట్యాబ్, దానికో కీబోర్డు ఉంటే పర్వాలేదు గానీ చిన్న ఫోన్‌లో మాత్రం కళ్లకీ వేళ్లకీ శిక్షే.

ప్రాజెక్ట్ తెరిచేటప్పుడు

కొత్త ప్రాజెక్ట్ అనగానే రెండరర్ (తెర మీద బొమ్మలు గీసే భాగం) ఏది కావాలని అడుగుతుంది: ఫార్వర్డ్ ప్లస్, మొబైల్, కంపాటిబిలిటీ. పేరు చూసి మొబైల్ ఎంచుకోవాలనిపిస్తుంది. మీరు మాత్రం కంపాటిబిలిటీ ఎంచుకోండి. మిగతా రెండూ వల్కన్ లాంటి కొత్త గ్రాఫిక్స్ పద్ధతుల మీద నడుస్తాయి. కంపాటిబిలిటీ పాత ఓపెన్‌జీఎల్ మీద నడుస్తుంది కాబట్టి పాత ల్యాప్‌టాప్‌లోనూ తెరుచుకుంటుంది. పైగా బ్రౌజర్‌లో పనిచేసేది ఇదొక్కటే. టూడీ గేమ్‌కి దీనివల్ల మీరు పోగొట్టుకునేది పెద్దగా ఏమీ లేదు.

ఇంకో అలవాటు మొదటి నిమిషం నుంచే చేసుకోండి. ఫైళ్ల పేర్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో పెట్టండి. విండోస్‌కి పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఒకటే. ఎక్స్‌పోర్ట్ అయిన గేమ్‌కి అవి వేరు వేరు. పీసీలో నిక్షేపంలా కనిపించిన బొమ్మ ఫోన్‌లో మాయమైందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

నేల, బొమ్మ

గోడోలో ప్రతిదీ నోడ్. నోడ్‌లు చెట్టు కొమ్మల్లా ఒకదాని కింద ఒకటి ఉంటాయి, ఆ చెట్టును సీన్ అంటారు. ఎడమవైపు టూడీ సీన్ నొక్కండి, వేరు దగ్గర నోడ్ టూడీ వస్తుంది. దాని కింద స్టాటిక్ బాడీ టూడీ, దాని కింద కొలిజన్ షేప్ టూడీ చేర్చండి. కుడివైపు ఇన్‌స్పెక్టర్‌లో షేప్ దగ్గర న్యూ రెక్టాంగిల్ షేప్ టూడీ ఎంచుకోండి. ఇదే నేల. షేప్ అంటే వస్తువులు తగిలే హద్దు, అది కంటికి కనిపించదు కాబట్టి అదే స్టాటిక్ బాడీ కింద ఒక కలర్ రెక్ట్ కూడా వేసి అదే కొలతకు లాగండి.

కొలిజన్ షేప్‌ను పెద్దది చేయడానికి అంచుల్లోని నారింజ చుక్కలను పట్టుకుని లాగాలి. ఇన్‌స్పెక్టర్‌లో స్కేల్ అంకె మార్చకూడదు. స్కేల్ మారిస్తే బొమ్మ నేలలో కూరుకుపోవడం, గాల్లో ఆగిపోవడం లాంటి వింతలు చూడాల్సి వస్తుంది.

ఇప్పుడు మళ్లీ వేరు నోడ్‌ను ఎంచుకుని క్యారెక్టర్ బాడీ టూడీ చేర్చండి. పక్కన పసుపు రంగు హెచ్చరిక కనిపిస్తుంది, షేప్ లేదని దాని ఫిర్యాదు. దాని కింద కొలిజన్ షేప్ టూడీ పెట్టి నేలకి ఇచ్చినట్టే షేప్ ఇవ్వండి, కంటికి కనిపించే బొమ్మ కోసం స్ప్రైట్ టూడీ పెట్టండి. స్ప్రైట్‌కి బొమ్మ వెతుక్కోనక్కర్లేదు. ప్రతి కొత్త ప్రాజెక్ట్‌లోనూ గోడో లోగో ఒకటి ఐకాన్ పేరుతో ఉంటుంది, దాన్ని టెక్స్చర్ గడిలోకి లాగండి. ఆ తర్వాత క్యారెక్టర్ బాడీని ఎంచుకుని పైన టూల్‌బార్‌లో ఉన్న గ్రూప్ బటన్ నొక్కండి. లేకపోతే మౌస్‌తో లాగినప్పుడు స్ప్రైట్ ఒక్కటే జరిగి షేప్ వెనకే ఉండిపోతుంది. కొత్తవాళ్లందరూ గంటసేపు తలపట్టుకునేది ఇక్కడే.

ఒక్క అక్షరం టైప్ చేయకుండా కోడ్

క్యారెక్టర్ బాడీ మీద రైట్ క్లిక్ చేసి అటాచ్ స్క్రిప్ట్ అనండి. వచ్చే పెట్టెలో టెంప్లేట్ దగ్గర బేసిక్ మూవ్‌మెంట్ అని ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి క్రియేట్ నొక్కితే నడవడం, గెంతడం, కిందపడటం అన్నీ ఉన్న స్క్రిప్ట్ తయారుగా వస్తుంది. సీన్ సేవ్ చేసి ఎఫ్5 నొక్కండి. మెయిన్ సీన్ ఏదని అడిగితే ప్రస్తుతం తెరిచి ఉన్నదాన్ని చూపించండి. బాణం మీటలతో బొమ్మ నడుస్తుంది, స్పేస్ నొక్కితే గెంతుతుంది.

గెంతు చూశాక మీకు నిరాశ కలగొచ్చు. తప్పు మీది కాదు, అంకెలది. స్క్రిప్ట్ పైన స్పీడ్ 300, జంప్ వెలాసిటీ -400 అని రెండు అంకెలు ఉన్నాయి. తెర మీద కొలత పై నుంచి కిందికి పెరుగుతుంది, అందుకే పైకి వెళ్లడానికి మైనస్. గురుత్వాకర్షణ డిఫాల్ట్‌గా 980. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుంటే ఎత్తు అంటే వేగం వర్గం బై రెండు జీ. 400 వర్గాన్ని 1960తో భాగిస్తే సుమారు 82 పిక్సెల్స్. మన లోగో ఎత్తు 128. అంటే అది తన ఎత్తంత కూడా ఎగరలేదు! -600 చేయండి, 184 పిక్సెల్స్ దాకా లేస్తుంది, గాల్లో సుమారు 1.2 సెకన్లు ఉంటుంది. ఆ సమయంలో 300 వేగంతో దాదాపు 367 పిక్సెల్స్ ముందుకు వెళ్తుంది. రేపు రెండు గట్ల మధ్య గుంత పెట్టాలనుకుంటే ఈ లెక్కే ఆధారం, 367కి బొమ్మ వెడల్పు కలిపినదానికన్నా పెద్ద గుంతను ఎవరూ గెంతలేరు.

ఆ స్క్రిప్ట్‌లోనే డెల్టా అనే మాటను గమనించండి. గత అడుగుకీ ఈ అడుగుకీ మధ్య గడిచిన సమయం అది. ఫిజిక్స్ ప్రాసెస్ అనే ఫంక్షన్ మామూలుగా సెకనుకి 60 సార్లు నడుస్తుంది. టెంప్లేట్ కోడ్ దాన్నే వాడుతుంది కాబట్టి ఏ మెషీన్‌లోనైనా బొమ్మ ఒకే వేగంతో కదులుతుంది. అదే మీరు సొంతంగా మామూలు ప్రాసెస్ ఫంక్షన్‌లో (ఇది తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ నడుస్తుంది) 'ప్రతిసారీ ఐదు పిక్సెల్స్ జరుగు' అని రాస్తే, 60 హెర్ట్జ్ ల్యాప్‌టాప్‌లో ఒక వేగం, 120 హెర్ట్జ్ ఫోన్‌లో దానికి రెట్టింపు వేగం. ఆ రెట్టింపు వేగం మీ మెషీన్‌లో మీకు ఎప్పటికీ కనిపించదు.

వేలికి అందేలా

కీబోర్డు గేమ్‌ను ఫోన్‌లోకి తెచ్చే పని ఇక్కడ తేలిగ్గానే పెట్టారు. వేరు నోడ్ కింద ఒక క్యాన్వాస్ లేయర్, దానిలో మూడు టచ్ స్క్రీన్ బటన్ నోడ్‌లు పెట్టండి. ఒక్కోదానికి టెక్స్చర్ ఇచ్చి, ఏదైనా బాణం బొమ్మో ఆ లోగోనో చాలు, యాక్షన్ గడిలో వరసగా యూఐ లెఫ్ట్, యూఐ రైట్, యూఐ యాక్సెప్ట్ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో రాయండి. టెంప్లేట్ స్క్రిప్ట్ వినేది ఈ మూడు పేర్లనే. కోడ్ ముట్టుకోనక్కర్లేదు. విజిబిలిటీ మోడ్‌లో టచ్‌స్క్రీన్ ఓన్లీ పెడితే పీసీలో బటన్లు కనిపించవు. పీసీలోనే పరీక్షించాలంటే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఎమ్యులేట్ టచ్ ఫ్రమ్ మౌస్ ఆన్ చేయండి.

ఇక తెర కొలత. గోడో డిఫాల్ట్ కిటికీ 1152 బై 648, అంటే 16:9. ఇప్పటి ఫోన్లు చాలావరకు అంతకన్నా పొడుగు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, విండో, స్ట్రెచ్ దగ్గర మోడ్‌ను క్యాన్వాస్ ఐటమ్స్ చేయండి, ఆస్పెక్ట్ కీప్‌గా ఉంచండి. పక్కన నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. ఎక్స్‌పాండ్ పెడితే పట్టీలు పోతాయి గానీ అదనంగా కనిపించే చోట ఏముండాలి, బటన్ మూల దాకా ఎలా జరగాలి అన్న ప్రశ్నలు మొదలవుతాయి. అవి తర్వాతి వారాల పని.

తెలుగు అక్షర పరీక్ష

దీన్ని వదిలేయకండి. మన భాషలో గేమ్ చేయాలనుకునేవాళ్లకు ఇంజిన్‌ను తేల్చే పరీక్ష ఇదే. ఒక లేబుల్ నోడ్ పెట్టి అందులో స్వాతంత్ర్యం, జ్ఞానం, ఉష్ణోగ్రత, శ్రీకాకుళం అని రాయండి. ఒత్తులు ఎక్కువున్న మాటలు కావాలనే. గోడో 3లో అక్షరాలు కలిపే ఏర్పాటు లేదు, ఒత్తులు విడిపోయి పక్కన పడేవి. 4లో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఆ పని చేస్తుంది, స్వాతంత్ర్యం లోని త్ర్యలో ఉన్న మూడు హల్లులూ సరిగ్గా కూర్చుంటాయి.

అక్కడితో సంతోషపడి ఆగిపోతే బ్రౌజర్‌లో దెబ్బ తింటారు. గోడోతో వచ్చే ఫాంట్‌లో తెలుగు లేదు. పీసీలో కనిపిస్తోందంటే అది మీ విండోస్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌ను అరువు తెచ్చుకుంటోంది. వెబ్‌లో సిస్టమ్ ఫాంట్లు తీసుకునే వీలు లేదు, కాబట్టి అక్కడ అన్నీ డబ్బాలే. గూగుల్ ఫాంట్స్ నుంచి నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటిది ఒకటి దించుకోండి, ఇవన్నీ ఓపెన్ లైసెన్స్ ఫాంట్లే. ఫైల్‌ను ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో వేసి, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో జీయూఐ, థీమ్ దగ్గర కస్టమ్ ఫాంట్‌గా చూపించండి. ప్రతి లేబుల్‌కీ విడిగా పెట్టే బాధ తప్పుతుంది. రెండు వరసల వాక్యాలుంటే లైన్ స్పేసింగ్ కాస్త పెంచండి, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద పడతాయి.

బ్రౌజర్‌కి

ప్రాజెక్ట్ మెనూలో ఎక్స్‌పోర్ట్, అందులో యాడ్, వెబ్. ఎర్ర అక్షరాల్లో టెంప్లేట్స్ లేవని వస్తుంది, పక్కనే ఉన్న లింక్ నుంచి దించుకోవాలి. సుమారు 1 జీబీ ఉంటుంది, వైఫై ఉన్నచోట చేయండి. టెంప్లేట్ వెర్షన్, ఎడిటర్ వెర్షన్ అచ్చంగా ఒకటే ఉండాలి. ఎడిటర్ మార్చినప్పుడల్లా మళ్లీ దించుకోవాల్సిందే.

థ్రెడ్ సపోర్ట్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. 4.3 నుంచి అదే డిఫాల్ట్. గోడో 4లో అంతకు ముందు వెర్షన్లలో గేమ్ పెట్టే సర్వర్ ప్రత్యేకమైన హెడర్లు (పేజీతో పాటు బ్రౌజర్‌కి పంపే సూచనలు) పంపితే తప్ప పేజీ తెరుచుకునేది కాదు, మామూలు హోస్టింగ్‌లో అది పెద్ద తలనొప్పి. 4.3 కావాలన్నది ఇందుకే. ఖాళీ ఫోల్డర్ ఒకటి చేసి అందులోకి ఇండెక్స్ పేరుతో ఎక్స్‌పోర్ట్ చేయండి. వచ్చిన హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ను డబుల్ క్లిక్ చేస్తే ఏమీ రాదు, సర్వర్ నుంచి వస్తేనే నడుస్తుంది. ఎడిటర్‌లో పైన కుడివైపు ఉన్న రిమోట్ డిప్లాయ్ బటన్‌లో రన్ ఇన్ బ్రౌజర్ ఎంచుకుంటే ఆ చిన్న సర్వర్‌ను గోడోనే నడిపిస్తుంది.

ఫోల్డర్ సైజు చూసి అదిరిపడకండి. గెంతే బొమ్మ ఒక్కటే ఉన్నా ఇంజిన్ మొత్తం అందులో ఉంటుంది, అదే 30 ఎంబీకి పైన. సర్వర్ కుదించి పంపితే బాగా తగ్గుతుంది. అయినా స్లో నెట్‌వర్క్ మీద మొదటిసారి తెరవడానికి పట్టే సమయాన్ని మీ ఫోన్ డేటాతో ఒకసారి చూసుకోండి. గేమ్‌లు పెట్టుకునే సైట్ ఇచ్ డాట్ ఐఓలో ఖాతా తెరిచి, ఫైళ్లన్నీ జిప్ చేసి, బ్రౌజర్‌లో ఆడే ఫైల్ అని టిక్ పెట్టి డ్రాఫ్ట్‌గా ఎక్కిస్తే చాలు. అన్నట్టు, గేమ్‌లో శబ్దం పెట్టి అది వినిపించడం లేదని కంగారు పడొద్దు. ఆడేవాళ్లు ఒకసారి నొక్కేదాకా బ్రౌజర్లు శబ్దాన్ని ఆపి ఉంచుతాయి. 'మొదలుపెట్టు' అనే బటన్ ఒకటి ముందు పెడితే సరి.

ఫోన్‌కి

అన్నిటికన్నా విసుగు పుట్టించేది ఇదే. కష్టం గేమ్‌లో లేదు, చుట్టూ ఉన్న సరంజామాలో ఉంది. ఓపెన్‌జేడీకే 17 (జావా పనిముట్లు), ఆండ్రాయిడ్ ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే పనిముట్లు) రెండూ కావాలి. ఆండ్రాయిడ్ స్టూడియో వేసుకుంటే ఎస్‌డీకే దానితో వస్తుంది, డిస్క్‌లో కొన్ని జీబీలు ఖాళీ ఉంచుకోండి. తర్వాత గోడో ఎడిటర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్, ఆండ్రాయిడ్ దగ్గర ఆ రెండిటి ఫోల్డర్లు చూపించాలి.

ఎక్స్‌పోర్ట్ పెట్టెలో ఆండ్రాయిడ్ చేర్చగానే ఈటీసీ2 టెక్స్చర్లు కావాలని ఎర్ర సందేశం రావచ్చు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఇంపోర్ట్ ఈటీసీ2 ఏఎస్‌టీసీ ఆన్ చేస్తే పోతుంది. ఈ పెట్టెలో వచ్చే ఎర్ర సందేశాలను భయపడకుండా చదవండి, చాలావాటిలో ఏం చేయాలో కూడా రాసి ఉంటుంది.

ఫోన్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్‌కి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి. కొన్ని ఫోన్లలో ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ అని ఇంకో స్విచ్ ఉంటుంది, అదీ వేయాలి. కేబుల్ పెట్టాక రిమోట్ డిప్లాయ్‌లో మీ ఫోన్ పేరు కనిపిస్తుంది. నొక్కితే గేమ్ ఫోన్‌లో తెరుచుకుంటుంది. పేరు కనిపించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు మన ఇళ్లలో బోలెడు. ఫోన్‌లో బటన్లు బొటనవేలి కింద పడుతున్నాయా, రెండు వేళ్లతో నడుస్తూ గెంతడం కుదురుతోందా, బ్యాక్ నొక్కితే ఏమవుతోంది (డిఫాల్ట్‌గా గేమ్ మూసుకుపోతుంది) అన్నవి చూడండి.

ఐఫోన్‌కి మ్యాక్, ఎక్స్‌కోడ్ తప్పనిసరి. యాప్ స్టోర్‌లో పెట్టాలంటే ఏడాదికి 99 డాలర్లు. మ్యాక్ లేకపోతే ఇప్పటికి మర్చిపోండి. ప్లేస్టేషన్, స్విచ్ లాంటివి ఆయా కంపెనీలతో ఒప్పందం ఉంటే తప్ప కుదరవు, గోడోలో వాటికి నేరుగా ఎక్స్‌పోర్ట్ లేదు.

ఉంచుకోవాలా, వదిలేయాలా

ఆదివారం రాత్రికి మూడు చోట్లా బొమ్మ గెంతుతుంటే ఒక పని చేయండి. పీసీలో జంప్ అంకె మార్చి, ఆ మార్పు బ్రౌజర్‌లోకి, ఫోన్‌లోకి రావడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. గేమ్ చేస్తున్నన్నాళ్లూ మీరు వందలసార్లు చేసేది ఇదే. అది నిమిషాల్లో అయిపోతూ, ఎర్ర సందేశాలు మీకు అర్థమవుతూ ఉంటే గోడోతోనే ఉండండి. నోడ్‌ల చెట్టు చికాకు పెట్టి, అంతా కోడ్‌లోనే రాసుకోవాలనిపిస్తే లవ్ టూడీ మీకు నప్పుతుంది. కళ్లు చెదిరే త్రీడీ మీ లక్ష్యమైతే అన్‌రియల్ చూడండి.

ఉండాలనుకున్నవాళ్లు ప్లే స్టోర్ షరతులు ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. డెవలపర్ ఖాతాకి ఒకేసారి 25 డాలర్లు కట్టాలి. ఫోన్‌లో నేరుగా వేసుకునే ఏపీకే కాదు, ప్లే స్టోర్ కోసం చేసే ఏఏబీ ఫైల్ ఇవ్వాలి. దానికి ఎక్స్‌పోర్ట్ పెట్టెలో యూజ్ గ్రాడిల్ బిల్డ్ ఆన్ చేసుకోవాలి. ప్యాకేజ్ పేరు కామ్ డాట్ ఎగ్జాంపుల్ అని మొదలైతే తీసుకోరు, మీ సొంత పేరు పెట్టాలి. రిలీజ్ కీస్టోర్ ఫైల్‌ను (యాప్ మీదేనని చూపే డిజిటల్ సంతకం ఇందులో ఉంటుంది), దాని పాస్‌వర్డ్‌ను ల్యాప్‌టాప్ కాకుండా ఇంకోచోట కూడా దాచుకోండి. కొత్తగా తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఇంకో నిబంధన ఉంది: కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు మీ క్లోజ్డ్ టెస్ట్‌లో (మీరు పిలిచినవాళ్లు మాత్రమే వాడిచూసే దశ) ఉండాలి. ఫ్రెండ్స్, బావమరుదులు, ఆఫీసువాళ్లు అందరినీ ఇప్పటి నుంచే అడిగి పెట్టుకోండి. వాళ్లలో ఒకరిద్దరి దగ్గరైనా మీ ఫోన్ కన్నా పాతదీ, తెర చిన్నదీ ఉన్న ఫోన్ ఉండేలా చూసుకోండి.